నాలుగు వేళ్ల ఖాళీ

నీళ్లు సగమే పొయ్యుమన్నది అమ్మ.
నేను సిలవరు గంజు అంచుల దాక పోసిన,
పళ్లెం బోర్లించి గుడ్డ బిగించి కట్టిన.
చేపకు నీళ్లెక్కువైతే నష్టమేందని.

సిరోంచ నుంచి అంకీస అంగడి దాక
జీపుల నా కాళ్ల సందున
గంజు లోపలి నుంచి కొట్టింది.
టక్.
టక్.
కొంచెం ఆగి, టక్.
డ్రైవరు మరాఠీల ఏదో అని నవ్విండు,
నేను గూడ నవ్విన.
నాగారం దాటినంక చప్పుడు లేదు.
నిద్రపోయినయనుకున్న.

గుడ్డ విప్పితే
నాలుగు కొర్రమట్టలు, ఒక్క పొలుసు చెదరలే,
తెల్లటి కడుపులు మీదికి.
ఓదెక్క బిడ్డ సచ్చిన చేపలు తెచ్చిందని
పక్క గంపల ఆమె అందరికీ చెప్పింది.
అమ్మ తిట్టలే. సగం ధరకు అమ్మి,
పైసలు కొంగున ముడేసుకుంట అన్నది:
"మునిగి సచ్చినయి బిడ్డా."

చేప మునుగుడేంది?

తెల్లారకముందే నన్ను లేపి
ప్రాణహిత ఒడ్డున ఎండకు తెగిపోయిన మడుగు కాడికి తీస్కపోయింది.
పగలంత నీళ్లకు ఊపిరిచ్చిన నాచు
రాత్రంత తానే తాగేసినట్టుంది.
జెల్లలు మూతులు మీదికి పెట్టి
నీళ్ల పొరను నాకుతున్నయి.
వాటి నడుమ నిదానంగ ఒక నల్లటి తల
లేచి, గుటకేసి, దిగిపోయింది.
నీళ్లమీద గుండ్రంగ ఒక ముడత.

"దీనికి నీళ్లల్ల గాలి చాలదు,
మన దాంట్లెకెల్లి ఒక గుక్క అడుక్కపోతది" అన్నది అమ్మ,
వల భుజానికేసుకుంట.
మల్లా పైకొచ్చే జాగ ఆమెకు తెలుసు.
గుక్క కోసం వచ్చినప్పుడే పడుతది చేప.
నేను చెప్పుదామనుకున్న, ఆగుమని.
చెప్పలే. ఇంట్ల బియ్యం లెవ్వు.

బడిల మరాఠీ సారు పలక మీద
ప్రాణవాయు అని రాసిండు.
ఆ ఏడు నేను అర్థం అడగని మాట అదొక్కటే.
నాకు ముందుగాల యాదికొచ్చింది మాత్రం
గంజు లోపలి టక్.

ఇప్పుడు గంజు నాది.
సగం నీళ్లు, పైన వల గుడ్డ,
నడుమ నాలుగు వేళ్ల ఖాళీ.
జీపుల ఇరవై రెండు మందిమి,
ఒకరు విడిచింది ఇంకొకరు పీల్చుకుంట.
దుమ్మొస్తున్నదని ఎవరో పరదా దించబోతే
చెయ్యి అడ్డం పెడుత.
"కొంచెం సందుంచుండ్రి" అంట.
ఎందుకని అడిగితే
గంజు దిక్కు చూసి ఊకుంట.