మూడు నెలల ముచ్చట

కమ్మి మీద సుద్దతో గీత గీసుడు నా పని.
ఎక్కడ వంచాలె, ఎక్కడ కొయ్యాలె.
దోహకు వచ్చి పదారేండ్లు, టేపు నా బెల్టుకే ఉన్నది.
గా టేపు నా చుట్టూ తిరగంగ ఎన్నడూ చూడలే.

బొడ్డు మీదుగ లాగి, ఊపిరి ఇడువుమన్నది బిన్సీ మేడమ్.
లోపలికి గుంజుకుంటే ఒప్పుకోలే.
నూటా నాలుగు.
నడుము, బీపీ, షుగరు, నెత్తుట్ల కొవ్వు:
"నాలుగూ ఒకే గదిల ఉంటున్నయి భాయ్" అన్నది హిందీల,
"ఒకదాన్ని ఎళ్లగొడితే చాలదు."
సనయ్యాల మా రూముకు పద్నాలుగు మందిమి.
జల్దిన సమజైంది.

ఏం తింటవన్నది.
అందరి లెక్కనే, అన్న.
ఆమె పెన్ను కింద పెట్టలే.
పొద్దుగాల ఖుబ్బూసులెన్ని? కరక్ చాయల చక్కెరెంత?
రాత్రి అన్నం ఏ గిన్నెల?
గిన్నె కాదు మేడమ్, బేసిను.

గంగజల ఫోన్ల "తిన్నవా" అంటది, "తిన్న" అంట.
అక్కడికి ముచ్చట ఒడుస్తది.
ఈమెతోని ఒడువలే.

మూడు నెలలకు రమ్మని కార్డు మీద తారీకు రాసింది.
పోలే. స్లాబు పోత ఉండె.
పోత లేకున్నా పోయేటోణ్ని కాదు.
శనివారం ఫోను: "మీరు రాలేదు."
నేను రాలేదని ఈ ఊర్ల అడిగేటోడు
టైమ్‌కీపరొక్కడే అనుకున్న ఇన్నేండ్లు.

పోయి, తగ్గించిన మేడమ్, మొత్తం తగ్గించిన అన్న.
కాయితం నా దిక్కు తిప్పింది.
మూడు నెలల ముచ్చట నెత్తురు రాసిపెట్టుకుంటదంట,
మూడు రోజుల ఉపాసానికి మోసపోదంట.
తలకాయ వంచిన. కమ్మి వంచినంత అల్కగ లేదు.

తిట్టలే. "వంట ఎవరు చేస్తరు?" అన్నది.
లింబాద్రి.
"మళ్లొచ్చేటప్పుడు తోల్కరా."

పని పోతదని వణుకుకుంట వచ్చిండు లింబాద్రి.
అంగీ ఎత్తితే టేపు నూటా పదకొండు కాడ ఆగింది.
పద్నాలుగు మంది కూరకు ఉప్పు చూసే నాలుక,
మిగిలింది పారబొయ్య చేతగాని కడుపు.
ఆయనకూ ఒక కార్డు రాసింది.

జొన్నపిండి అడిగితే కిలో పదకొండు రియాళ్లు.
ఊర్ల లేనోళ్ల తిండి ఇక్కడ అద్దాల బీరువల ఉన్నది.
"ఇడిసిపెట్టు" అన్నది మేడమ్, "అన్నమే తిను.
పావు పళ్లెం. పెప్సీ జాగల లబన్."

ఆ రాత్రి నూనె డబ్బ చెవికి
టీ చెంచ కట్టిన, బైండింగ్ వైరుతోని.
మనిషికి రోజుకు మూడు.
కూర సప్పగుందని యాదగిరి పళ్లెం నూకిండు.
లింబాద్రి ఏమనలే, నిమ్మకాయ కోసి పెట్టిండు.
రెండోనాడు ఎవడో వైరు తెంపిండు.
మళ్ల కట్టిన, డబుల్ ముడి.

మొన్న కొలిస్తే నూటా రెండు.
స్లాబుల రెండు సెంటీలు తేడా వస్తే
ఇంజనీరు పగలగొట్టుమంటడు.
గదే రెండు సెంటీలకు మేడమ్ కుర్చీల నుంచి లేచింది.

లింబాద్రి ఇంకా నూటా పదకొండే.
"అయితేమాయె" అన్నది, తారీకు రాసుకుంట,
"వచ్చిండు గద."