తడి చెయ్యి

గోరంట్లలో మేడమీద రెండు గదులు.
కిటికీ సందులకి టేపు, గుమ్మానికి రెండు తెరలు.
అయినా మధ్యాహ్నం గాలి మిర్చి యార్డు వైపునుంచి తిరిగితే
మాస్కులోనే తుమ్ము.
ఘాటు రాగలిగిన చోటికి
బూజు రాలేదా, అంటుంది సైదమ్మ.

ఊరగాయల కంపెనీలో పదకొండేళ్ళు చేసింది.
అనుభవం అన్న గడిలో అదే రాశాను.
తొలిరోజు స్పిరిట్ రాసుకోమంటే రాసుకుని
ఆరేదాకా చేతులు గాల్లో ఆడించి
"జాడీలో చెయ్యి పెట్టేముందూ ఇంతేగా" అంది.

పూలు పెట్టుకుని రాకూడదిక్కడికి.
లిల్లీ మొక్కలు పుట్టించే గదిలో
తల్లో లిల్లీలు నిషేధం.
మెట్లకింద మేకుకి దండ తగిలించి వస్తుంది,
సాయంత్రం ఆ వాడినదాన్నే తురుముకుని పోతుంది.

దుంపకి కుళాయి కింద గంట.
సబ్బునీళ్ళు, మందునీళ్ళు, అర నిమిషం స్పిరిట్.
తర్వాత బ్లీచు. అక్కడే ఉంది అంతా.
పన్నెండు నిమిషాలకి తీస్తే బూజు బతుకుతుంది,
పద్దెనిమిది ఉంచితే దుంప పాలిపోయి చస్తుంది.
ఆ మధ్య ఆరు నిమిషాల్లోనే
మా జీతాలు, కల్పలత మేడం బాంకు అప్పు,
చేబ్రోలు వైపు రైతులకి ఒప్పుకున్న ఇరవైవేల మొక్కలు.

జులైలో మూడొందల సీసాలు పెట్టాం.
నాలుగోనాడు ఒకదాన్లో తెల్లటి నూలుపోగు.
వారం తిరిగేసరికి
లెక్కపెట్టడం మానేశాను.
మేడం ఏసీ విప్పించింది, ఫిల్టరు మార్పించింది,
నా గోళ్ళు చూసింది.
ఇంటికెళ్ళినా కడుక్కుంటూనే ఉన్నాను,
వేళ్ళసందులు ఒరిసి
అన్నంలో కారం కలిపితే మండేవి.

సైదమ్మ సీసాల్ని ట్యూబులైటుకెత్తి
ఒక్కొక్కటే తిప్పి చూసింది.
"పైన తేలితే తడిచెయ్యి.
ముక్క చుట్టూ మొదలైతే ముక్కే ఆరలేదని.
ఇది మన చేతిది కాదు పాపా,
దుంప కడుపులోదే."
నెల్లాళ్ళుగా తప్పుచేసిన నా చేతుల్ని
ఏప్రన్ జేబుల్లో పెట్టుకున్నాను.

బూజు పట్టిన సీసాల్ని మూత తియ్యకుండానే ఉడికించాలి,
తీస్తే గదంతా దాని పిల్లలే.
ఆటోక్లేవులో పేర్చుతుంటే నల్లవి, ఆకుపచ్చవి,
ఒకదాన్లో లేత గులాబి, దాని అంచున చెమట చుక్కలు.
మేం నెలలు బతిమాలినా పూయంది
ఇది అడక్కుండానే పూసింది.
కాసేపు పట్టుకునే నిలబడ్డాను.

ఇప్పుడు దుంపల్ని ముందు వేణ్ణీళ్ళలో ఉంచుతున్నాం.
వేలు పెట్టి మూడు లెక్కపెట్టలేనంత వేడి.
పొర మీద పొర వలిచి
కందిగింజంత మొగ్గనే కోస్తున్నాం.
నూటికి అరవై రెండు నిలుస్తున్నాయి.
ఫస్టు క్లాసే, అంది మేడం.
మిగతా ముప్పై ఎనిమిది మాట ఎవరం ఎత్తలేదు.

వాన పట్టింది ఇవాళ, సైదమ్మ ఆటో దొరికిందని పరిగెత్తింది.
మెట్లకింద మేకుకి దండ అలాగే ఉంది.
ఈ ముసురుకి తెల్లారేసరికి ఏమవుతుందో నాకు తెలుసు.
లోపల పెడదామని చెయ్యి చాపి
ఆగాను.
ఇప్పుడే కడుక్కున్నది,
ఇంకా ఆరలేదు.