నడుము మట్టం

ఎంత ఎత్తు కట్టాలె అని అడిగిండు మేస్త్రి జాంగీరు.
మా కుర్మయ్య మొగులు దిక్కు సూసిండు.
పక్క చేనాయన ఫోన్ల ఏందో లెక్క సూసిండు.
నేను కుచ్చిళ్లు చెక్కుకొని
ఎండిన వాగుల దిగి నిలవడ్డ.

ఇరవై రెండేండ్లు దాటిన వాగిది.
దీని లోతు ఏ కాయితంల లేదు,
నా కాళ్ల మీద ఉన్నది.

ఇగో, గిలకల కాడికి తొలకరి.
మోకాలు, నాట్లప్పుడు, నెత్తిమీద నారుకట్టలు.
తొడ సగానికి,
ఎరువు బస్తా తడిసి బరువెక్కి
అదొక దిక్కు నేనొక దిక్కు వొయిన ఏడు.
ఇగో ఈ నడుము కాడిది
పెద్దపిల్ల కడుపుల ఉన్నప్పటిది.
ఆ పొద్దు నడి వాగుల నిలవడి
ముందలికి పోవాల్నో ఎనకకు మర్లాల్నో తెల్వక
తుమ్మ మీది కొంగను సూసుకుంట ఉన్న.
అది లేసిపోయినంక నేను గూడ కదిలిన.
ఎటు దిక్కు కదిలిన్నో ఇప్పటికి యాదికి రాదు.

జాంగీరు నవ్వలే.
నా పక్కన ఒక కట్టె నాటి
నా నడుము కాడ సుద్దతోని గీత గీసిండు.
"బీమా నది మీద పదేండ్లు పనిచేసినక్కా,
గిట్ల కొలిచినోళ్లను సూడలే" అన్నడు.

కల్వకుర్తి రోడ్డు పనిల మూతులు పలిగిన
సిమెంటు గూనలు నాలుగు.
గాలికి కూలిన కరెంటు స్తంభాలు రెండు,
లైన్‌మెన్ సూసీ సూడనట్టు పోయిండు.
రాళ్లు మా చేన్లయే,
ఎన్నేండ్లు ఏరినా ఒడువని పంట.
చిట్టి ఎత్తిన పైసలు సిమెంటుకే సరివొయినయి,
జేసీబోనికి రెండు మేకలమ్మినం.

ఈ గట్టు మా పట్టా, ఆ గట్టు మా పట్టా.
నడుమ పారేది ఎవలి పేరు మీద లేదు.
అడగకుంట దాని మీదికెళ్లి బాట ఏస్తున్నమని
గూనలు దించే నాడు పసుపు చల్లి
రెండు నిమ్మకాయలు పెట్టిన.
ఎండిన ఇసుకల అట్లనే మూడు దినాలున్నయి.
ఒక మేక వాసన సూసి వొయింది.

రెండు దిక్కుల కడ్డీలు పెట్టమన్నడు కుర్మయ్య.
"వద్దన్నా, కడ్డీలుంటె కంప తట్టుకుంటది,
కంప తట్టుకుంటె వాగుకు కోపమొస్తది.
కోపమొచ్చిన నాడు నెత్తిమీదికెళ్లి పోనియ్యి,
తెల్లారి నీ బాట నీకిస్తది."

మీది చేను ఎల్లారెడ్డి మూడు మాపులు కొట్లాడిండు,
మా గూనలు ఆయన పల్లిచేన్లకు నీళ్లు ఎదురుతంతయని.
ఐదో గూన తెచ్చినం. దానికి ఆయన
రూపాయి ఇయ్యలే, మాట గూడ ఇయ్యలే.
పదిదినాలు నీళ్లు వట్టాలన్న సిమెంటు మీద
ఐదో నాడే ఆయన ట్రాక్టరు దాటింది.
నేను తిట్టిన తిట్లు ఆ గట్టు దాంక ఇనవడ్డయంటరు.
ఆ టైర్ల అచ్చులు అట్లనే గట్టివడ్డయి.
వాన వెలిసినంక ఆ గుంతలల్ల
పిట్టలు నీళ్లు తాగుతున్నయి,
ఏమనను?

శ్రావణంల వాగు వచ్చింది.
ఎర్రగ, నురుగుతోని, ఎవలిదో చెప్పు తీసుకొని.
సుద్దగీతకు రెండేళ్లు కింద ఆగింది.
నా నడుము కాడికి నీళ్లు,
నేను లేకుంటనే పోవట్టినయి.

సద్ది పట్టుకొని వంతెన ఎక్కిన.
నడిమికి రాంగనె
చెయ్యి దానంతట అదే కుచ్చిళ్లు పైకెత్తింది.
ఎనక నుంచి కుర్మయ్య,
"ఏమే, ఈడ తడి లేదు గద?"

నాకెరుకే.
చెయ్యికి ఎవలు జెప్పాలె?