తాళంచెవి

ఆఖరి ఆరాధనకి ఒక పద్ధతి ఉంది. పుస్తకంలో రాసి ఉంది.
ముందు బైబిలు బయటికి, తర్వాత గిన్నె, పళ్ళెం,
కొవ్వొత్తి ఆర్పి, తలుపు మూసి
తాళంచెవి సూపరింటెండెంటు చేతిలో పెట్టాలి.
దేవుణ్ణి ఏ వరుసలో బయటికి తేవాలో రాయలేదు.

మా ఊరు లుసాటియాలో ఉంది.
ఉండేది, అనాలి. ఇంకా అలవాటు కాలేదు.
ఊరి కింద బొగ్గు ఉండటమే మేం చేసిన నేరం.
రాత్రిళ్ళు పొలాల అంచున తవ్వుడు యంత్రం దీపాలు వెలిగేవి,
చిన్నపిల్లలు అదేదో పట్నమనుకుని
అక్కడికి బస్సెప్పుడని అడిగేవాళ్ళు.

నేను లెయ్నాని, పంతొమ్మిదేళ్ళుగా ఇక్కడి పాస్టర్ని.
లైప్‌జిగ్‌లో చదువుకున్నప్పుడు
ఒక ముసలి ప్రొఫెసరు సుద్దముక్క విరిగేలా బోర్డు మీద రాశాడు:
'సర్వశక్తి' సింహాసనాల దగ్గర అరువు తెచ్చుకున్న మాట.
నోట్సులోకి ఎక్కించుకున్నాం. పరీక్ష పాసయ్యాం.
ఆ వాక్యం అర్థం కావడానికి నాకు
ఎనభై మీటర్ల లోతు గొయ్యి కావలసొచ్చింది.

ఎన్నికల ముందు ఒకాయన వచ్చి మాతృభూమి అన్నాడు.
ఇంకొకాయన వచ్చి ఉద్యోగాలన్నాడు.
ఇద్దరూ మా గంటస్తంభం ముందే ఫొటో దిగారు.
బెర్లిన్ నుంచి కుర్రాళ్ళు వచ్చి
నిమ్మచెట్టంత లేని లిండెన్ మొక్కకి గొలుసులతో కట్టేసుకున్నారు.
లీజా ముసలమ్మ వాళ్ళకి పప్పుచారులాంటి సూప్ పోసి
పాదాలు తడవకుండా గోనెలు పరిచింది.

ఆవిడే అడిగింది ఒక సాయంత్రం, దుంపలు ఏరుతూ,
మా సోర్బు భాషలో, బళ్ళో మాట్లాడితే చేతులు వాచిన భాషలో:
"ఆపలేకపోయాడా, ఆపకూడదనుకున్నాడా?"
నా దగ్గర మూడు అల్మారాల తత్త్వశాస్త్రం ఉంది.
అన్నీ అట్టపెట్టెల్లో, టేపు వేసి ఉన్నాయి.
నేను నోరు తెరిచేలోపు తనే అంది:
"ఆపగలిగీ ఆపకపోతే వాడు కంపెనీ మనిషే.
ఆపలేకపోతే రమ్మను,
ఈ దుంపలు మూట కట్టడానికి నాకో మనిషి కావాలి."

ఇంతకంటే మంచి ప్రసంగం నేనెప్పుడూ చెయ్యలేదు.

సమాధులు తవ్వారు.
ఎముకలకి నంబర్లు వేసిన పెట్టెలు తెచ్చారు.
ఉనికి గురించి ఎంతో చదివాను గాని
పెట్టెలు ఇంత చిన్నవని ఎక్కడా చదవలేదు.
మా నాన్న నంబరు నూట పద్నాలుగు.

తవ్వుడు యంత్రం నడిపే అతను మూడో బెంచీలో కూర్చుంటాడు.
పేరు మాతో. ఈ తొట్టిలోనే బాప్తిస్మం.
అతనికి రొట్టె ఇవ్వొద్దన్నారు కొందరు, గట్టిగానే అన్నారు.
అప్పుడు గుర్తొచ్చింది నాకు,
వాళ్ళని సమాధానపరచడానికి ఆ వారం ప్రసంగం రాసుకున్న దీపం
ఆ బొగ్గుతోనే వెలిగిందని.
ముందు నా చేతులు చూసుకుని, తర్వాత రొట్టె విరిచాను.
అతను తిన్నాడు. కొందరు లేచి వెళ్ళిపోయారు.
వాళ్ళని తప్పు పట్టలేను.

ఆఖరి ఆదివారం, బైబిలు అయింది, గిన్నె అయింది.
కొవ్వొత్తి మీదకి వంగాను.
"ఆర్పొద్దు" అంది లీజా.
పుస్తకంలో లేదన్నాను. "పుస్తకం మొయ్యడానికి నువ్వున్నావుగా" అంది.
మాతో లేచాడు. కొవ్వొత్తి అందుకున్నాడు.
గోళ్ళ కింద నల్లటి గీతలున్న అరచెయ్యి అడ్డం పెట్టి
మెట్లు దిగాడు, వెనకాలే ఊరంతా, అంటే ముప్పై ఒక్కరం.

మలుపు దగ్గర గాలికి ఆరిపోయింది.
ఎవరూ ఏమీ అనలేదు.
ఆరిపోయిన ఒత్తికి చెయ్యి అడ్డం పెట్టుకునే
బస్సు దాకా మాతో నడిచాడు.

తాళంచెవి ఇవ్వడం మర్చిపోయాను.
సూపరింటెండెంటు గారు రెండు ఉత్తరాలు రాశారు.
ఇప్పుడది ఏ తలుపుకీ చెందదు,
నా కోటు జేబుకి చిల్లు పెడుతోంది.