నాలుగు కన్నాల గుండీ

మొదటిసారి పంపినప్పుడు
నెల్లూరు నుంచి ఆయన ఫోన్ చేసి
"మీ వాషర్ అందిందండీ" అన్నాడు, మర్యాదగానే.

పదకొండు గ్రాముల హాలీ రూపాయి.
నడుమ చార్మినారు, చుట్టూ ఉర్దూ అక్షరాలు.
నేను కండక్టరుగా ఉన్న రోజుల్లో
అఫ్జల్‌గంజ్ స్టాపులో ఒక ముసలమ్మ
టికెట్టుకని నా అరచేతిలో పెడితే
సొంత జేబులోంచి చిల్లర వేసి, లెక్క సరిచేసి
తోలుసంచిలోంచి పక్కకి తీసుకున్న రూపాయి.
అది ఏ రైలు పెట్టెలోనో, ఏ ఊరి బల్లమీదో
ఇనుప వాషరైపోయింది.
తూకంలో మాత్రం గ్రాము తేడా లేదు.
దొంగ కూడా త్రాసు పెట్టుకునే కూర్చున్నాడన్నమాట.

రెండోది పంపాలంటే చెయ్యి ఆడలేదు.

అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు ముందు
చిరుగుల గొడుగు కింద జాంగీర్ చాచా.
కోరా గుడ్డ, దబ్బనం, లక్క కడ్డీ, కొవ్వొత్తి.
నా కథంతా విని నవ్వలేదు.
"కవర్ మీద ఏం రాసినవ్?"
'పాత నాణెం, జాగ్రత్త' అని.
"ఇంటికి తాళమేసి
తాళంచెవి యాడున్నదో తలుపుమీద రాసినట్టున్నది."

నేను తెచ్చిన డబ్బాని చెవిదగ్గర ఊపాడు.
"సప్పుడైతున్నది. డబ్బ మాట్లాడొద్దు.
మాట్లాడిందంటే ఇనెటోడు దొరుకుతడు.
ఇంట్ల పాత పెండ్లికార్డులున్నయా? దళసరివి?"

ఉన్నాయి. మా బావమరిది పెళ్లివి.
పెళ్లికూతురి పేరులో ఒక అక్షరం ఎగిరిపోయి
కట్టలుగా అటకెక్కినవి.
నాలుగు కార్డులు; నడిమి రెంటికీ బ్లేడుతో గుండ్రంగా గూడు.
వెన్నకాగితంలో చుట్టిన రూపాయి అందులో పడుకుంది.
పైన బంగారు వినాయకుడు, కింద భోజనాల వేళ.
డబ్బాలో డబ్బా, సందుల్లో నలిపిన దినపత్రిక.
ఊపాడు. పలకలేదు.

"ఫోటో తీసుకున్నవా, బొమ్మ దిక్కు, బొరుసు దిక్కు?
రసీదు పారెయ్యకు. ఇన్సూరెన్సు కట్టు.
ఇలువ కౌంటర్ల చెప్పు, కవర్‌కు చెప్పకు."
గుడ్డ బిగించి కుట్టి, అయిదు చోట్ల లక్క కరిగించి
మెడ వంచి, కుర్తా పైగుండీతో
ఒక్కొక్కటీ ఒత్తాడు, ముద్దు పెట్టినట్టు.

ఎనిమిది రోజులు ఫోనులో దాని వెంట తిరిగాను.
హైదరాబాదు దాటింది.
విజయవాడ చేరింది.
తర్వాత ఒక రాత్రంతా ఎక్కడా లేదు.

తొమ్మిదో రోజు నెల్లూరు నుంచి:
"రూపాయి బ్రహ్మాండంగా ఉందండీ.
ఇంతకీ పెళ్లెవరిది?"

విప్పకముందు తీసి పంపమన్న ఫోటోని
చాచాకి చూపించాను, మిఠాయి పొట్లంతో సహా.
కళ్లజోడు నుదుటిమీదికి నెట్టి చాలాసేపు చూశాడు.
"నా గుండీకి నాలుగు కన్నాలు.
గీ మూలమీద రెండే ఉన్నయ్."

విప్పారు.
ఎవరిదో ఎప్పటిదో శుభలేఖ చూసి
మళ్లీ కుట్టేశారు.

మిఠాయి ముట్టలేదు.
"కుట్టు సూడు. నాదే అనుకుంటవ్.
మడతేసి ఎనక్కి గుంజే ఈ కుట్టు
నేనిద్దరికే నేర్పిన."
ఒకడు లేడట.
రెండోవాడి పేరు అడిగాను.
దబ్బనంలో దారం ఎక్కించడానికి
ఆయనకి చాలా సమయం పట్టింది.

మూడో రూపాయి పంపిన రోజు
కుర్తా మెడ బోసిగా ఉంది, గుండీ లేదు.
లక్క కరిగి బొట్టు బొట్టుగా గుడ్డమీద పడుతుంటే
చాచా వేడివేడిగానే
బొటనవేలు ఒత్తాడు.
అయిదు చోట్లా.
చప్పుడు చెయ్యకుండా.