దిగేవాళ్ళు ముందుకు రండి

పేర్లు పెట్టకూడదని మొదట్లోనే ఒట్టేసుకున్నాను.
పేరు పెడితే నోటికి అలవాటవుతుంది,
నోటికి అలవాటైంది మంచం కిందికి చేరుతుంది.
అందుకే
ఎక్కడ దొరికితే ఆ స్టాపు పేరే.

లాడ్జి సెంటరుకి మూడే కాళ్ళు.
ఏటుకూరు రోడ్డుకి చెవిలో పురుగులు.
మూడొంతెనలు పిల్లిపిల్ల,
వంతెన కింద మోకాల్లోతు నీళ్ళలోంచి
ఆటో అతను టిఫిన్ క్యారేజీలో పెట్టి తెచ్చాడు.
పైగిన్నెలో ఇంకా సాంబారు వాసన.

పదహారేళ్ళుగా గుంటూరు డిపోలో కండక్టర్ని.
ఊళ్ళ పేర్లు అరిచీ అరిచీ గొంతు గరుకెక్కింది.
ఇంటికొచ్చాక కూడా అవే పేర్లు పిలుస్తుంటే
మేడ మీది కిటికీలోంచి కోటిరత్నం గారు అడుగుతారు:
"ఏమ్మా, ఇంట్లో కూడా సర్వీసేనా?"

సర్వీసేనండీ.
టికెట్ కొట్టను, అంతే తేడా.

నాదీ పదకొండు నెలల అగ్రిమెంటే.
గోడకి మేకు కొట్టకూడదని రాసుంది.
కుక్క సంగతి రాయలేదు.
ఆవిడ భర్త బతికుంటే రాయించేవాడే.

షెల్టర్లో జాగా లేనప్పుడల్లా దానియేలు ఫోను:
"అక్కా, ఒక్క పది రోజులు."
దానియేలు పది రోజులంటే నెలన్నర.
అతని క్యాలెండరు వేరే ప్రెస్సులో అచ్చవుతుంది.

అట్టపెట్టెలో వస్తాయి, కుట్లతో, గజ్జితో,
మెడ చుట్టూ పాత తాడు కోసిన గీతతో.
లోపలికి రాగానే వెళ్ళి దాక్కునేది
అన్నీ ఒకే చోట, గ్యాస్ బండ వెనక.
ఎవరు చెబుతారో మరి, ఒకదానికొకటి.
పెరుగన్నం అంతా నాకేసి
మాత్రని మాత్రం గిన్నె అంచున శుభ్రంగా వదిలేసే
తెలివి లాడ్జి సెంటరుది.
మిర్చి సీజన్లో యార్డు వైపు నుంచి గాలి తిరిగితే
అందరం ఒకేసారి తుమ్ముతాం,
ఎవరి తుమ్ము ఎవరిదో తెలీదు.

ఏటుకూరు రోడ్డుని ఇవాంజలిన్ వాళ్ళు తీసుకెళ్ళారు,
పట్టాభిపురంలో సొంతిల్లు, వెనక జామచెట్టు.
తొమ్మిదో రోజు వెనక్కి తెచ్చారు.
రాత్రి మూడింటికి లేచి తలుపు గీకుతోందట,
తెల్లారేదాకా ఏడుపట.

మూడు గంటలు.
నేను ఫస్ట్ డ్యూటీకి లేచే వేళ అది.

ఆ పూట నాకు కలిగిన సంతోషం ఎవరికీ చెప్పలేదు.
డాక్టర్ షంషాద్ గారు మొహం చూసే పట్టేశారు.
"నీ కోసం కాదు కదమ్మా నువ్వు సాకేది" అన్నారు,
సూది మందు లాగుతూ, నా వైపు చూడకుండా.

ఇక ఆ నెలంతా నా ఇంట్లో నేనే దొంగని.
లైటు వేయను.
స్టవ్ వెలిగించను, టీ డిపో క్యాంటీన్లోనే.
చెప్పులు చేతిలో పట్టుకుని, గొళ్ళానికి గుడ్డ చుట్టి,
చీకట్లోనే ఖాకీ చొక్కా గుండీలు పెట్టుకుని.
మొదటి వారం తల ఎత్తి చూసేది.
రెండో వారం ఒక చెవి.
ఆ తర్వాత చెవి కూడా కదల్లేదు.
మాలిమి చేయడం తేలికే,
మరపించడానికే నెల పట్టింది.

మళ్ళీ వచ్చింది ఇవాంజలిన్.
ఈసారి స్కూటరు ముందు తనే ఎక్కి నిలబడింది.
మలుపు దాకా చూశాను.
వెనక్కి తిరగలేదు.
తిరగకూడదనే కదా
అన్నాళ్ళు ఆ దొంగ నడక.

ఇప్పటికీ మూడింటికి, చీకట్లో,
గ్యాస్ బండ దగ్గర కాలు పక్కకి వేసి నడుస్తాను.
అక్కడ ఉన్నది ఖాళీ గిన్నె.

పొద్దున బస్సులో
"ఏటుకూరు రోడ్డు, ఏటుకూరు రోడ్డు, దిగేవాళ్ళు ముందుకు రండి."
రెండోసారి గొంతు సరిగా లేవలేదు,
కారం ఘాటనుకున్నట్టున్నారు జనం.
ముసలాయన ఒకాయన మెల్లగా దిగాడు.
రైట్ రైట్ అన్నాక గుర్తొచ్చింది,
టికెట్ వెనక రాసిచ్చిన మూడు రూపాయల చిల్లర
ఆయనకి ఇవ్వనే లేదు.