కిలో గరిక

గంగజాతర చాటింపు వేసిన మర్నాటి పొద్దున
కంటాసుపత్రి కొత్త బిల్డింగు ముందు
నాలుగు సెంట్ల ఎర్రమట్టి మీద
గరిక చల్లాను.

అవును, విత్తనాలే. సంచిలో వచ్చాయి.
సంచి మీద పచ్చటి బొమ్మ, నాకు రాని అక్షరాలు,
కిలో రెండువేల మూడొందలు.
అరచేతిలో పోసుకుంటే రవ్వకన్నా సన్నం,
ఊపిరి తగిలితే లేచిపోతాయి.
ఇసుకలో కలిపి, మూతి బిగబట్టుకొని
నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి.

మా నాయన గుర్రప్ప చూసుంటే
నవ్వేవాడో, నెత్తిన ఒకటి మొట్టేవాడో.
పాకాల పక్కన మా చెనిక్కాయ చేలో
ఆయన బతుకంతా దీనితోనే తగువు.
దోకుడుపార అరిగి నెలవంకయింది,
గరిక అరగలేదు.
"ఒక్క కణుపు మిగిల్తే చాలు పాపా,
వానొస్తే మళ్లా సంసారం పెడతాది"
అంటూ గట్టు మీద పరిచి ఎండబెట్టి
ఎండింది చాలక నిప్పు పెట్టేవాడు.
అట్లాంటిదాన్ని ఇప్పుడు
నేను బతిమాలుకుంటున్నా, రోజుకూలికి.

"జూన్ పదికి పచ్చగా కనపడాల"
అని వజ్రవేలు సారు గొడుగు కింద వెళ్లిపోయాడు.
కత్తిరి ఎండలు.
పదింటికే కొండ తెల్లబోయి గాలిలో వణుకుతుంది.
పైపులో మొదటి బిందె నీళ్లలో
టీపొడి వేస్తే సరిపోతుంది.
అవి పారబోసి, చల్లనివి వచ్చాక
బొటనవేలితో మూతి నొక్కి జల్లుగా.
ధార పడిందా, విత్తనాలన్నీ ఒక మూలకు పోయి
క్యూ తెంచుకున్న జనం మాదిరి కుప్పపడతాయి.
తెల్లారి నాలుగున్నరకు, పదికి, రెండుకు, పొద్దుగూకినాక.
పైన తడి గోనెపట్టలు.
గోనె ఆరితే నా గొంతు ఆరుతుంది.

చాటింపు పడినాక ఊరివాళ్లు
పొలిమేర దాటి రాత్రుండకూడదంటారు.
విత్తనాలకూ అదే చెప్పాను.
చీమలు వినలేదు.
తలా ఒకటి ఎత్తుకొని
గోడకింద బొరియలోకి వరస కట్టాయి.
నూకలు చల్లి వాటికి లంచమిచ్చాను.
పావురాలకేమివ్వను?

జాతర ముగిసింది.
అమ్మవారి విశ్వరూపం మట్టి చిటికెడు తెచ్చి
ఒక మూల కలిపాను, సారుకు చెప్పలేదు.
నేల కదల్లేదు.

పదకొండో నాడు వాచ్‌మన్ ఖాదర్‌వలి
"అక్కా, బూజు పట్టినట్టుంది" అన్నాడు.
మోకాళ్ల మీద వంగి చెంప నేలకానించి చూస్తే
బూజు కాదు.
లేచి నిలబడితే వట్టి మట్టి.
మళ్లీ వంగితే పచ్చ.
"ఈ పూట నాకన్నా నువ్వే
ఎక్కువసార్లు వంగినావు" అన్నాడు ఖాదర్‌వలి.

అన్నిచోట్లా రాలేదులెండి.
నడిమధ్య మంచమంత బట్టతల.
పడమటెండ కాసే గోడవారన మొలిచిందంతా
రెండు మధ్యాహ్నాలకే
వేలు తగిలితే పొడి.

కొళాయి కారే చోట మాత్రం,
ఎవరూ చల్లని చోట,
సిమెంటు పగుల్లోంచి నాటు గరిక
జానెడు పాకింది, ఎవరినీ అడగకుండా,
కణుపు కణుపుకూ వేరు దించుకుంటూ.
"ఆ పిచ్చిగడ్డి పీకెయ్, లాను పాడైపోతాది" అన్నాడు సారు.
"సరే సార్" అన్నాను.
పీకాను.

ఆయన బండి గేటు దాటినాక
నాయన దోకుడుపారతో తునకలు తునకలుగా తరిగి
బట్టతల పొడుగునా గుచ్చుకుంటూ పోయాను
చీకటి పడేదాకా.
ఇన్నేళ్లు దీన్ని చంపిన ఇనుము
మట్టిలో దిగేటప్పుడు కొంచెం తడబడింది,
లేక నా చెయ్యేనేమో.

కొళాయి ఇంకా కారుతూనే ఉంది.
ప్లంబరును పిలిపించమని ఎవరూ అనలేదు.
నేనూ గుర్తు చెయ్యలేదు.